ఆరుబయట ప్రకృతి ఎగ్జిబిట్లు: పిల్లలకి ఏమైనా ఎక్కిందో లేదో ఎలా తెలుస్తుంది?

గోదారిగట్టు:
మా సైన్స్ సెంటర్ వెనక అరెకరం ఖాళీ స్థలం ఉంది. నీడ గడియారం, సీతాకోకచిలుకల తోట, రాళ్ళు, వాన కొలిచే గొట్టం పెడదామనుకుంటున్నాం. రెండు ప్రశ్నలు. ఎండకీ వానకీ ఏ సామాను నిలుస్తుంది? పిల్లలకి ఏమైనా ఎక్కిందో లేదో ఎలా కొలవాలి? విజిటర్స్ బుక్కు నిండా 'చాలా బాగుంది' అనే ఉంటోంది.

జిల్లేడుపువ్వు:
సామాను తర్వాత, ముందు తోటమాలిని కూర్చోబెట్టి మాట్లాడండి. మా దగ్గర జిల్లేడు, కరివేపాకు, నిమ్మ, ఈశ్వరి తీగ వేయించడానికి రెండేళ్ళు తిరిగాను. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెట్టింది. తెలుపు, నలుపు, పసుపు చారల గొంగళ్ళు ఆకుల అడుగున బారులు తీరాయి. పెద్దాఫీసరు వస్తున్నారని, ఆకులు చిల్లులు పడి అసహ్యంగా ఉన్నాయని, ముందురోజు సాయంత్రం మందు కొట్టించేశారు. పొద్దున వెళ్ళేసరికి అన్నీ మట్టిలో ముడుచుకుపోయి ఉన్నాయి. పూలు ఉంటే చాలనుకుంటారు. పిల్ల పురుగు తినే ఆకు లేకపోతే సీతాకోకచిలుక గుడ్డు ఎక్కడ పెడుతుంది? బోర్డు మీద మొదటి వాక్యం 'ఈ ఆకులకి చిల్లులు ఉండాలి' అని రాయించండి.

ఫిజిక్స్‌మాస్టారు:
ఇరవై ఏళ్ళుగా నీడ గడియారాలు కట్టిస్తున్నాను కాబట్టి చెబుతున్నా. నీడ వేసే పలక వంపు ఆ ఊరి అక్షాంశంతో సమానంగా ఉండాలి. హైదరాబాదుకి సుమారు 17.4 డిగ్రీలు. ఢిల్లీ డ్రాయింగు తెచ్చి 28.6 పెట్టేవాళ్ళని చూశాను. నేను కట్టించింది బాలల దినోత్సవం నాడు హైదరాబాదులో ఓపెన్ చేస్తే వాచీతో నిమిషం తేడా లేకుండా కలిసింది.

నల్లగుట్ట:
మాదీ హైదరాబాదే సార్. వంపు కరెక్టుగనే పెట్టిన్రు. ఫిబ్రవరి 28 సైన్స్ డే నాడు చూస్తే అరగంట వెనక ఉంది. వచ్చిన పిల్లల ముందర మా ఇజ్జత్ పోయింది.

ఫిజిక్స్‌మాస్టారు:
అయితే మేస్త్రీ ఉత్తరం తప్పు పట్టాడు. సెల్‌ఫోన్ దిక్సూచి నమ్మితే అంతే.

నల్లగుట్ట:
రాత్రి ధ్రువనక్షత్రం చూసి గీత గీసినం. చూడకుండనే తప్పంటే ఎట్ల?

ఖగోళంపిచ్చి:
ఇద్దరివీ సరిగ్గానే ఉన్నాయి, దయచేసి ఆగండి. మన గడియారాల్లో దేశమంతా వాడే టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది. హైదరాబాదు 78.5 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు ఎప్పుడూ 16 నిమిషాలు వెనకే. దానికి తోడు భూమి కక్ష్య కోడిగుడ్డులా ఉండడం, ఇరుసు వంగి ఉండడం వల్ల ఏడాది పొడుగునా ఇంకో తేడా వస్తుంది. నవంబరు 14న ఆ తేడా దాదాపు 16 నిమిషాలు ముందుకి, అందుకే మాస్టారిది కలిసింది. ఫిబ్రవరి చివర 12 నిమిషాలకి పైగా వెనక్కి, రెండూ కలిపి అరగంట.

ఫిజిక్స్‌మాస్టారు:
ఇవన్నీ నాకు తెలియనివి కావు. పక్కన సవరణ పట్టిక పెడితే సరిపోతుంది.

నల్లగుట్ట:
పట్టిక ఎవరు చదువుతరు సార్? మా ఇంచార్జి సారు సుత్తి పట్టించి పలకనే తిప్పించిండు. ఇప్పుడది ఏ నెలల కూడ కలుస్తలేదు.

బేఏరియాఅక్క:
శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియం వాళ్ళు 2009లో ఫోర్ట్ మేసన్ తీరంలో పెట్టినవి చూడండి. ఒకదాంట్లో కంటితో గోల్డెన్ గేట్ వంతెన వైపు గురి చూస్తాం. ఎండెక్కితే తీగలు సాగి వంతెన నడుమ కిందికి దిగుతుంది. ఆ ఎత్తుని బట్టి వంతెన ఎంత వేడెక్కిందో చదవొచ్చు. ఎదురుగా ఉన్నదాన్నే ఎగ్జిబిట్ చేశారు. గోదారి గట్టున మీకు వంతెనలు, ఇసుక తిన్నెలు, వరద గుర్తులు ఉన్నాయి కదా.

కాలినచెయ్యి:
అక్కా, అక్కడి చలి వేరు, ఇక్కడి మే నెల వేరు. మా దగ్గర స్టీలు పిడి పట్టుకుని ఒక పాప అరచెయ్యి బొబ్బలెక్కింది. చెక్క పిడి వేయించండి, పైన పందిరి వేయండి. ఫ్లెక్సీ బోర్డులు వద్దు, ఎండకి వెలిసిపోతాయి. కోతులున్న చోట తాడు కట్టకండి.

బేఏరియాఅక్క:
అమెరికా అనగానే కొట్టిపారేయకండి తమ్ముడూ. ముంబయి నెహ్రూ సైన్స్ సెంటర్‌లో 1979లోనే సైన్స్ పార్కు పెట్టారు. ఆరుబయట నేర్పడం మనకి కొత్త కాదు.

గోదారిగట్టు:
కొలవడం సంగతి ఎవరూ చెప్పలేదండీ.

చెట్టునీడ:
కట్టకముందే కొలవండి. అట్టతోనో ప్లైవుడ్‌తోనో చేసి ఒక ఆదివారం పెట్టి, దూరంగా కూర్చుని రాసుకోండి: ఎక్కడ ఆగారు, ఏం ముట్టుకున్నారు, ఎవరిని పిలిచి చూపించారు. మా వేపచెట్టు బోర్డు మీద శాస్త్రీయ నామం, కుటుంబం రాశాం. పది సెకన్లు నిలబడినవాళ్ళు లేరు. అది తీసేసి, సుద్దముక్కతో 'ఈ బెరడు మీద చీమల దారులు ఎన్ని?' అని రాశాను. ఒక బాబు మోకాళ్ళ మీద కూర్చుని వేలితో దారి పట్టాడు. వాళ్ళ నాయనమ్మ వంగి, 'ఇవి కుట్టేవి కాదురా, గండుచీమలైతే కుడతాయి' అని మొదలుపెట్టింది. నేను రాసుకునేది ఆ మాటలే. ఇంకొకటి, పొద్దున ఎనిమిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ విడివిడిగా చూడండి. ఒంటిగంటప్పుడు ఎవరూ ఆగకపోతే ఆ తప్పు ఎగ్జిబిట్‌ది కాదు, ఎండది.

ఫిజిక్స్‌మాస్టారు:
ఇది కొలత కాదు. ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు వేయాలి.

చెట్టునీడ:
సెలవురోజు వచ్చిన పిల్లవాడి చేతిలో ప్రశ్నపత్రం పెడితే మళ్ళీ గేటు దాటడు మాస్టారూ.

ఖగోళంపిచ్చి:
నీడ గడియారం పక్కన మామూలు గోడ గడియారం తగిలించండి. తేడా ఎందుకని పిల్లలే అడుగుతారు. హైదరాబాదు వాళ్ళు మే 9 మధ్యాహ్నం నిటారు కర్ర పెట్టి చూడండి, నీడే ఉండదు.

గోదారిగట్టు:
ఈ ఆదివారం ప్లైవుడ్ పలక, గోడ గడియారం పెడుతున్నా. జిల్లేడుపువ్వు గారూ, ఈశ్వరి తీగ ఎక్కడ దొరుకుతుంది?

జిల్లేడుపువ్వు:
నా దగ్గర విత్తనాలున్నాయి, పంపిస్తాను. మందు కొట్టించబోమని మీ ఇంచార్జి చేత రాయించి పంపండి.