మందు కొట్టు, ఫొటో దిగు: వీటికి నిఘంటువులో సొంత చోటు ఇవ్వాలా, వద్దా?

పదశోధి

ఇటీవల ఒక విశ్వవిద్యాలయంలో తెలుగు పదనిర్మాణం, పదాల అర్థాల మీద వర్క్‌షాపు జరిగింది. భాషాశాస్త్రం చదివే పిల్లలు, తెలుగు లెక్చరర్లు, భాషకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు కలిసి కూర్చుని బల్లకో క్రియ పంచుకున్నారు. మా బల్లకి 'కొట్టు' వచ్చింది. దానికి నిఘంటువులో ఆరోపం ఎలా రాయాలన్నది పని. (ఆరోపం అంటే నిఘంటువులో అక్షరక్రమంలో ముందు ఇచ్చే మాట. దాని కిందే అర్థాలు వస్తాయి.) సగంమంది 'కొట్టు' ఒక్కటే ఆరోపంగా పెట్టి, మిగతావన్నీ కింద అంకెలు వేసి ఇద్దామన్నారు. ఈత కొట్టు, బోరు కొట్టు, కన్ను కొట్టు, గండి కొట్టు, మందు కొట్టు విడివిడిగా ఆరోపాలు కావాలని తక్కినవాళ్ళు. తేలకుండానే సెషన్ అయిపోయింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నాది రెండో పక్షం. ఎందుకో ఒక్క మాటతో చూపిస్తాను. పత్తి చేలో మందు కొట్టాడంటే పురుగుల మందు పిచికారీ చేశాడని. రాత్రి మందు కొట్టాడంటే తాగాడని. జ్వరం వస్తే మందు వేసుకుంటాం, కొట్టం. ఎరువైతే మందు చల్లుతాం. 'మందు' అన్నది ఏ మందో క్రియ చెబుతోంది. 'కొట్టు' అంటే ఇక్కడ ఏమిటో మందు చెబుతోంది. రెండూ ఒకదాన్నొకటి తేలుస్తున్నాయి. ఇలాంటి అర్థాన్ని 'కొట్టు' కింద పదిహేడో అంకె వేసి పెడితే సగమే పెట్టినట్టు. ఆ అర్థం ఉన్నది జంటలో. కాబట్టి ఆరోపం కూడా జంటకే ఇవ్వాలి.

ఓరుగల్లు వాకిలి

పదశోధి గారూ, మీ ఉదాహరణ బాగుంది. కానీ మీ పద్ధతిలో ఒక చిక్కుంది.

జంటలన్నిటికీ ఆరోపాలు ఇస్తూ పోతే ఆ లిస్టుకి అంతెక్కడ? 'ఫొటో దిగాం' అంటాం. దిగడమంటే పైనుంచి కిందికి రావడం, ఫొటోకి దానికి సంబంధమే లేదు, కాబట్టి మీ లెక్కన 'ఫొటో దిగు' విడి ఆరోపం కావాలి. సరే. మరి సెల్ఫీ వచ్చింది. ఏ నిఘంటువూ చూడకుండా, ఎవరూ నేర్పకుండా తెలుగువాళ్ళందరూ 'సెల్ఫీ దిగాం' అన్నారు. సెల్ఫీలో ఫోన్ పట్టుకున్నదీ మనమే, నొక్కినదీ మనమే. అయినా 'దిగు' వచ్చింది. అంటే జనం మనసులో ఉన్నది 'ఫొటో దిగు' అనే జంట కాదు. బొమ్మలో పడటానికి 'దిగు' వాడాలన్న సూత్రం ఉంది. ఆ సూత్రం 'దిగు' కింద ఒక్కసారి రాస్తే చాలు. రేపు ఇంకేదో కొత్తరకం బొమ్మ వస్తుంది, దానికీ పనికొస్తుంది.

లిస్టు పద్ధతి మీద ఈ విమర్శ కొత్తదేమీ కాదు. భాషాశాస్త్రవేత్త జేమ్స్ పుస్తెయోవ్‌స్కీ 1990లలో దీని మీదే వాదించాడు: అర్థాలకి అంకెలు వేసుకుంటూ పోతే మాట కొత్త చోట కొత్తగా ఎలా పలుకుతుందో ఎప్పటికీ చెప్పలేం అని. అందుకే నిఘంటువు అర్థాల మూట కాకూడదు, అర్థాలు పుట్టే తీరు చూపించాలి అంటాను.

తాటాకు కట్ట

ఇద్దరూ మన సంప్రదాయ వ్యాకరణాన్ని పక్కన పెట్టేశారు. ఇలాంటివాటికి శబ్దపల్లవం అని మనవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టారు. నామంతో క్రియ చేరి, విడివిడిగా లేని కొత్త అర్థం వస్తే అది శబ్దపల్లవం. మేలుకొను, బయలుదేరు, కనుగొను. ఏది శబ్దపల్లవమో తేల్చుకుంటే ఏది ఆరోపమో తేలినట్టే.

తేల్చడానికి నేను క్లాసులో చేసే పరీక్ష ఒకటుంది. మధ్యలో 'ఏ' దూర్చి చూడండి. 'నిద్రే పోలేదు' అంటాం. 'ఈతే కొట్టలేదు' అంటాం. 'సిగ్గే పడలేదు' అంటాం. కానీ 'మేలే కొనలేదు' అని ఎవరైనా అంటారా? 'బయలే దేరలేదు'? 'ఇంకా బయలుదేరనే లేదు' అనాలి. 'ఏ' చివరికి జరిగిపోతుంది, మధ్యలో దానికి చోటు దొరకదు. మధ్యలో ఏదీ పట్టనిదే ఒక్క మాట, దానికి ఆరోపం ఇవ్వండి. 'ఈత కొట్టు' రెండు మాటలు, దాన్ని ఈత కిందో కొట్టు కిందో పెట్టండి. గొడవ తీరిపోతుంది.

పదశోధి

తాటాకు కట్ట గారూ, పరీక్ష నాకు చాలా నచ్చింది. కానీ అది చెప్పేది రూపం సంగతి. మాట ఎంత బిగిసిందో చెబుతుంది, అర్థం ఎంత మారిందో చెప్పదు. ఆ రెండూ వేరు.

'కష్టపడు' తీసుకోండి. 'భయపడు' లాగే ఇందులోనూ నామం చివరి సున్న పోయింది. కష్టం అన్నది 'కష్ట' అయి క్రియకి అంటుకుంది. అంటే బాగా బిగిసిన మాటే. అయినా 'ఏ' దూర్చగానే పోయినది తిరిగొస్తుంది: 'కష్టమే పడలేదు', 'భయమే పడలేదు'. మీ పరీక్ష ప్రకారం ఇవి రెండు మాటలు, కాబట్టి ఆరోపం వద్దు. కానీ అర్థం చూడండి. 'కష్టపడి చదివాడు' అంటే శ్రమించి చదివాడని. 'కష్టాలు పడి చదివాడు' అంటే ఫీజుకి డబ్బుల్లేక, ఉండటానికి చోటు లేక, బాధలు పడుతూ చదివాడని. మొదటివాడు గొప్పింటి పిల్లాడైనా కావచ్చు. ఈ తేడా చెప్పని నిఘంటువు తెలుగు నేర్చుకునేవాడికి ఏం ఉపయోగం?

భాషాశాస్త్రవేత్త లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1933లోనే అన్నాడు, పదకోశమంటే వ్యాకరణానికి అనుబంధం, సూత్రాలకి లొంగని వాటి జాబితా అని. ఆ లెక్కన చూసినా అడగాల్సిన ప్రశ్న ఒకటే. రెండు మాటలూ విడిగా తెలిసినవాడికి జంట అర్థమవుతుందా, కాదా? కాకపోతే ఆరోపం ఇవ్వాలి. మధ్యలో 'ఏ' పట్టినా సరే, ఖాళీ వదిలి రాసినా సరే.

ఖాళీ మీట

ఖాళీ మాట వచ్చింది కాబట్టి సాఫ్ట్‌వేర్ వైపునుంచి చెబుతాను. తెలుగు పదాలని విడగొట్టి ధాతువు ఏది, ప్రత్యయం ఏది అని చూపించే ప్రోగ్రాముల మీద పని చేస్తుంటాను. మాకు ఈ చర్చ రోజూ తలనొప్పే. 'భయపడ్డాడు' కలిపి రాస్తారు, 'భయ పడ్డాడు' అని విడగొట్టీ రాస్తారు. పేపర్లో ఒకలా, వాట్సాప్‌లో ఒకలా. ప్రోగ్రాము ఖాళీ దగ్గర కోసేస్తుంది. 'భయ' అన్న ముక్క దానికి తెలియదు, 'పడ్డాడు' అంటే కింద పడ్డాడనుకుంటుంది. అనువాదం మొత్తం తల్లకిందులు.

మాకైతే జంటలన్నీ ఇవ్వండి, ఎన్ని లక్షలైనా ఇవ్వండి. పుస్తకంలో చోటు లేదన్న బెంగ కంప్యూటర్‌కి లేదు. సూత్రం రాసి పెడితే మనిషి అర్థం చేసుకుంటాడు గానీ, 'బొమ్మలో పడటం' అంటే ఏమిటో ప్రోగ్రాముకి మళ్ళీ మేమే చెప్పాలి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక్క మాట కొడితే బోలెడు నిఘంటువుల్లో ఒకేసారి వెతికి పెడుతోంది. అలాంటి వసతి ఉన్న రోజుల్లో పేజీల లెక్కతో ఆరోపాలు తగ్గించడంలో అర్థం లేదు.

ఓరుగల్లు వాకిలి

చోటు గురించి నేనెక్కడ అన్నాను? నా అభ్యంతరం చోటు కాదు. లక్ష జంటలు గుమ్మరించి, వాటి మధ్య సంబంధం ఒక్కటీ చెప్పకపోతే అది నిఘంటువు కాదు, గోదాము.

పదశోధి గారు 'రెండు మాటలూ తెలిసినవాడు' అన్నారు. ఎవరు ఆ తెలిసినవాడు? కోస్తాలో 'పడుకొను' అంటారు. అక్కడివాళ్ళకి అందులో కనిపించేది 'పడు', దానికి తోడు 'కొను'. పడటానికీ నిద్రకీ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. మీ లెక్కలో అది లొంగని మాట. మా దగ్గర 'పండుకొను' అంటాం. 'పండు' అంటే ఒరగడం అనే క్రియ మాకు విడిగా కూడా ఉంది, 'పిల్లగాడు పంటడు' అంటే నిద్రపోతాడని. దానికి 'కొను' చేరింది, వండుకొను, రాసుకొను లాగా. మాకు అది సాఫీగా విడిపోయే మాట. అదే తెలుగు, ఒక జిల్లాలో సూత్రానికి లొంగుతుంది, ఇంకో జిల్లాలో లొంగదు. మరి ఎవరిని అడిగి ఆరోపం ఇస్తారు? ఇన్నేళ్ళూ జరిగింది మాకు తెలుసు. కోస్తా వాళ్ళకి ఏది వింత అనిపిస్తే అది పుస్తకంలోకి ఎక్కింది. మాకు మామూలైనది మాండలికం అన్న ముద్రతో ఎక్కింది, లేకపోతే అసలు ఎక్కలేదు.

వారాంతపు బడి

నేను డాలస్‌లో శని, ఆదివారాలు పిల్లలకి తెలుగు చెబుతాను. ఈ చర్చ చదువుతుంటే మా క్లాసే కళ్ళముందు కనబడుతోంది. అక్కడ పుట్టిన పిల్లలకి నామాలు తొందరగా వస్తాయి. ఈత, ఫొటో, స్నానం, అబద్ధం అన్నీ తెలుసు. వాటికి ఏ క్రియ తగిలించాలో తెలియక అన్నిటికీ 'చెయ్యి' తగిలిస్తారు. 'నేను ఈత చేస్తాను', 'మేం ఫొటో చేశాం', 'వాడు అబద్ధం చేశాడు'. అబద్ధం ఆడతారు నాన్నా అంటే, ఆడటమంటే క్రికెట్ కదా టీచర్ అని అడుగుతారు. చాలా న్యాయమైన ప్రశ్న.

ఆ పిల్లాడు నిఘంటువు తెరిస్తే 'ఆడు' దగ్గరికి ఎప్పటికీ వెళ్ళడు, ఎందుకంటే ఆ క్రియ కావాలన్న సంగతే వాడికి తెలియదు. వాడు వెళ్ళేది 'అబద్ధం' దగ్గరికి. అక్కడే 'ఆడు, చెప్పు' అని ఉండాలి. 'ఈత' దగ్గర 'కొట్టు, ఈదు' అని ఉండాలి. మీరు విడి ఆరోపం అనండి, ఉప ఆరోపం అనండి, మాకు పట్టింపు లేదు. నామం దగ్గర చూపించండి, అంతే మేం అడిగేది.

తాటాకు కట్ట

టీచర్ గారు చెప్పినదాన్ని కాదనలేం. వృత్తుల మాటలకి ఇది మరీ అవసరం. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వచ్చింది. ఊళ్ళకి వెళ్ళి రైతుల నోట విని పోగుచేసిన మాటలవి. నారు పోస్తారు, నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు, కుప్ప నూరుస్తారు. పట్నం పిల్లలకి నారు నీళ్ళలా పొయ్యడమేమిటో తెలియదు. 'పోయు' కింద నలభై అర్థాల మధ్య వెతుక్కోమంటే వెతకరు. నారు దగ్గర పెడితే దొరుకుతుంది. పదశోధి గారు చెప్పిన పురుగుమందు సంగతి కూడా అంతే. బ్రౌన్ 1852లో నిఘంటువు వేసే నాటికి చేలో స్ప్రేయర్లు లేవు. ఆ పని వచ్చాక ఆ మాట వచ్చింది. దాన్ని రాసుకునే బాధ్యత మనదే.

అయితే 'ఏ' పరీక్షని నేను వదులుకోను. బిగిసిన మాటలకి పూర్తి ఆరోపం, బిగియనివాటికి నామం కింద ఉప ఆరోపం.

పదశోధి

దీనికి నేను ఒప్పుకుంటాను, ఒక్క షరతుతో. 'కష్టపడు' లాంటివి, పరీక్షలో విడిపోయినా అర్థం మారినవి, పూర్తి ఆరోపాల్లోనే ఉండాలి.

ఓరుగల్లు గారూ, మీ రెండో పోస్టు గురించి. అది మొత్తం చర్చలో అన్నిటికన్నా బరువైన మాట. ఎవరికి వింతో అన్న ప్రశ్నకి ఒక్క ఊరి మనిషిని కూర్చోబెట్టి జవాబు రాయకూడదు. ప్రతి జంటనీ కనీసం తెలంగాణ, రాయలసీమ, కోస్తా, ఉత్తరాంధ్ర వాళ్ళకి విడివిడిగా చూపించాలి. ఒక్క చోట అర్థం కాకపోయినా ఆరోపం ఇవ్వాలి. పండుకొను, పడుకొను రెండూ ఆరోపాలే, ఒకదానికి ఇంకోదాని మాండలికం అన్న ముద్ర వెయ్యకుండా. కానీ 'దిగు' కింద మీ సూత్రం రాసినా, 'ఫొటో దిగు'ని తీసెయ్యనివ్వను.

ఓరుగల్లు వాకిలి

తీసెయ్యమని నేనూ అనను. సూత్రం రాసి, దాని కింద ఫొటో, సెల్ఫీ రెండూ చూపించండి, ఫొటో దగ్గర నుంచి 'దిగు'కి దారి పెట్టండి. సూత్రం లేకుండా జంట ఒక్కటీ వద్దు, అంతవరకే నా పట్టుదల.

వచ్చే వర్క్‌షాపులో 'కొట్టు' వదిలేసి 'మాట' పట్టుకుందాం. మాట ఇచ్చాడు, మాట తప్పాడు, మాట పడ్డాడు, మాట జారాడు, మాట కలిపాడు, మాటలు పడిపోయాయి, ఇద్దరికీ మాటల్లేవు. 'మాట తప్పాడు' సూత్రానికి లొంగుతుందనే నా నమ్మకం, దారి తప్పాడు, లెక్క తప్పాడు పక్కన పెట్టి చూడండి. 'మాట పడ్డాడు' దగ్గర మీరూ నేనూ మళ్ళీ కొట్లాడుకుంటాం: దెబ్బలు పడ్డాడు, తిట్లు పడ్డాడు ఉన్నాయి కాబట్టి అదీ సూత్రమే అంటాను నేను. మీ నాలుగు ప్రాంతాల వాళ్ళని తీసుకురండి.