ఎనిమిదో తరగతి పిల్లలు గ్రంథాలయ కార్యక్రమాలకు రావడం లేదు: ఏం చేయాలి?

మా పాఠశాల గ్రంథాలయంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లల కోసం, వారానికి ఒకసారి, మధ్యాహ్న భోజన విరామంలోని చివరి 25 నిమిషాలు పఠన బృందం నడుపుతున్నాను. ఆరో తరగతివారు ఉత్సాహంగా వస్తున్నారు, ఏడో తరగతివారు పర్వాలేదు. ఎనిమిదో తరగతివారు మాత్రం మొదటి సమావేశం తరువాత కనిపించడం మానేశారు. అయితే వారు ఇంటికి పుస్తకాలు తీసుకువెళ్లడం ఏమాత్రం తగ్గలేదు కనుక, ఇది చదువుపట్ల విముఖత అని నేను అనుకోవడం లేదు.

గ్రంథాలయాల్లో పుస్తకాలను విషయాలవారీగా సంఖ్యలిచ్చి అమర్చే డ్యూయీ దశాంశ వర్గీకరణ సంఖ్యల ఆధారంగా, 398లో జానపద కథలు, 520లో ఖగోళశాస్త్రం, 796లో క్రీడల పుస్తకాలు వెతికి పట్టుకునే పోటీ పెట్టినప్పుడు చిన్నవారు అల్మరాల మధ్య పరుగులు తీశారు (ఆ రోజు నిశ్శబ్దం సంగతి చెప్పనక్కరలేదు); పెద్దవారు అది చిన్నపిల్లల ఆట అని పక్కకు తప్పుకున్నారు. బహుమతులు ప్రకటిస్తే వచ్చారు, ఆపగానే మానేశారు. చిన్నవారికి కథలు చదివి వినిపించే బాధ్యత అప్పగిస్తే, తోటివారి ఎదుట గొంతెత్తి చదవడానికి బిడియపడ్డారు. వారికోసం విడిగా సాయంత్రం సమావేశం పెట్టే వీలు లేదు, ఎందుకంటే బడి ముగియగానే ఎక్కువమంది బస్సు అందుకోవాలి.

బహుమతులు లేకుండా, ఈ 25 నిమిషాల్లోనే, పదమూడేళ్ల పిల్లలు తమంతట తాము మళ్లీ మళ్లీ వచ్చేలా మీ గ్రంథాలయంలో నిలదొక్కుకున్న కార్యక్రమం ఏది?