పాత 250 ఫోరా, కొత్త 400 ఫోరా: గట్టు రోడ్డుకి ఏ తరం నయం?

గట్టుమీదబండి (ఆకివీడు):
నాలుగు సిలిండర్ల చిన్న స్పోర్ట్ బండ్ల మాటొచ్చిన ప్రతిసారీ "పాతవే అసలైనవి, కొత్తవి లావెక్కిపోయాయి" అంటున్నారు కదండి, ఇవాళ తేల్చేద్దాం. పాతవంటే హోండా సీబీఆర్250ఆర్‌ఆర్, అంటే 1990లో వచ్చిన ఎంసీ22. దాంతోపాటు కవాసాకి జెడ్‌ఎక్స్‌ఆర్250, యమహా ఎఫ్‌జెడ్‌ఆర్250, సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్250. కొత్తవంటే 2020 నాటి జెడ్‌ఎక్స్-25ఆర్, 2023 నాటి జెడ్‌ఎక్స్-4ఆర్. 25ఆర్ మన దేశంలో అమ్మలేదు. 4ఆర్ మాత్రం 2023 సెప్టెంబరులో 8.49 లక్షల షోరూమ్ ధరతో దిగింది. భీమవరం నుంచి నరసాపురం, రాజోలు నుంచి అమలాపురం తిరిగేవాడికి ఏది పనికొస్తుంది? నా ఓటు కొత్తదానికే. హార్స్‌పవర్ చూసి కాదు, పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్లు లేవని.

పద్దెనిమిదివేలు (రాజమండ్రి):
కార్బురేటర్ కడుక్కోడానికి బద్ధకమైతే స్కూటర్ కొనుక్కోవచ్చండి. ఎంసీ22లో వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లని తిప్పేది చైను కాదు, గేర్లు. చైను సాగడం లేదు, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ గోల లేదు. 249 సీసీకి 15,000 ఆర్‌పీఎం దగ్గర 45 హెచ్‌పీ, తిరుగుడు 18,000 దాకా పోతుంది. బరువు 142 కిలోలు. మీ 4ఆర్ 189. అంటే 47 కిలోల తేడా. గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరొస్తే మార్జిన్‌లోకి దిగి మళ్లీ తారు మీదికి ఎక్కాలి కదా, అప్పుడు ఆ 47 కిలోలు ఎక్కడున్నాయో మణికట్లు చెప్తాయి.

ట్యాంకునిండా (తణుకు):
గురువుగారూ, ఆ 142 డ్రై వెయిటండి. పెట్రోలు, ఆయిలు, కూలెంటు ఏమీ పోయని లెక్క. అన్నీ పోసిన లెక్క హోండా చెప్పిందే 157. కవాసాకి 189 అన్నది అన్నీ పోశాక. కాబట్టి తేడా 32 కిలోలు, అరబస్తా ధాన్యం కూడా కాదు. ఆ 32లో ఏబీఎస్ ఉంది, ముందు రెండు 290 మిల్లీమీటర్ల డిస్కులున్నాయి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంది. పాత బ్రోచర్ల బరువులూ ఇప్పటివీ పక్కపక్కన పెట్టి పోల్చడమే ఈ వాదనలో మొదటి తప్పు.

ఇంకోటండి. "పాత తరం" అని ఒకే గాటన కట్టకండి. జపాన్‌లో 250లకి 45 హెచ్‌పీ హద్దుండేది, తర్వాత దాన్ని 40కి దించారు. 400లకి 59 నుంచి 53. అందుకే 1994 తర్వాతి ఎంసీ22 కూడా 40 హెచ్‌పీదే. పేరు అదే, పెయింటు అదే, ఇంజన్ ట్యూనింగ్ వేరు. ఏ సంవత్సరం బండో చెప్పకుండా 45 అంటే ఒప్పుకోం.

టార్క్‌చాలు (అమలాపురం):
ఆయ్, మీ ఇద్దరి కొట్లాటా 10,000 ఆర్‌పీఎం పైన జరుగుతోందండి. మన బతుకు దాని కింద. మాసూళ్లప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దమ్ము చక్రాలతో తారెక్కిన ట్రాక్టరు రోడ్డుని నమిలేసి పోతుంది. రొయ్యల వ్యాను నీళ్లు కార్చుకుంటూ ముందు పోతుంటుంది. రెండో గేరు, మూడో గేరు, 40 నుంచి 70 కిలోమీటర్ల వేగం, అంతే. 4ఆర్ 39 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇచ్చేది 13,000 దగ్గర. కొత్త డ్యూక్ 390 అదే 39ని 6,500 దగ్గరే ఇస్తుంది. రెండు సిలిండర్ల నింజా 400కి 8,000 దగ్గర 37. ఎంసీ22 అయితే 12,000 దగ్గర పాతిక కూడా లేదు. గట్టు రోడ్డుకి ఫోర్ సిలిండర్ అవసరమే లేదు, ఏ తరమైనా సరే. ఎదురుగాలిని ఇంజన్‌లోకి తోసే రామ్ ఎయిర్‌తో 4ఆర్ 77 హెచ్‌పీ కాస్తా 80 అవుతుందంటారు, అది గాలి ముక్కులో దూరేంత వేగం మీదే. పి.గన్నవరం అక్విడక్ట్ మీద అంత వేగం ఎవడు పోతాడండి?

లెక్కలమేష్టారు (భీమవరం):
అవసరం వేరు, సరదా వేరు, ఆ మాట పక్కన పెడదాం. "అన్ని తిరుగుళ్లు తిరిగితే ఇంజన్ అరిగిపోతుంది" అన్న భయం ఒకటుంది, దానికి లెక్క చెప్తా. అరుగుదలకి ఆర్‌పీఎం ఒక్కటే కొలత కాదు, పిస్టన్ సగటు వేగం చూడాలి. స్ట్రోకుని, అంటే పిస్టన్ ఒకసారి కదిలే దూరాన్ని, రెండుతో, నిమిషానికి తిరుగుళ్లతో గుణించి 60తో భాగించండి. 4ఆర్ స్ట్రోకు 39.1 మిల్లీమీటర్లు, 15,000 దగ్గర సెకనుకి 19.6 మీటర్లు. 25ఆర్‌ది 31.8, 17,000 దగ్గర 18 మీటర్లు. ఎంసీ22ది 33.8, 18,000 దగ్గర 20.3. ఇప్పుడు మనూళ్లో అందరూ తిప్పే 373 సీసీ సింగిల్, అంటే ఒకే సిలిండర్ బండి చూడండి, స్ట్రోకు 60, 10,000 దగ్గర సరిగ్గా 20 మీటర్లు. అంటే ఆ చిన్న పిస్టన్లు సింగిల్ కంటే పెద్దగా ఎక్కువ పరిగెత్తడం లేదు. చెవికి వినిపించే కేక వేరు, లోపలి కష్టం వేరు.

సరదాగా ఇంకోటి: 90ల జెడ్‌ఎక్స్‌ఆర్400 బోరు (సిలిండర్ వెడల్పు), స్ట్రోకు 57 × 39. ఇప్పటి 4ఆర్ 57 × 39.1. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే కొలతల దగ్గరికి వచ్చి ఆగారు. మారింది పెట్రోలు అందించే తీరు, ఎలక్ట్రానిక్స్. కాబట్టి గట్టుమీదబండి గారు మొదట్లో అన్న మాటే అసలు మాట.

నాలుగుగిన్నెలు (కాకినాడ):
కార్బురేటర్ల సంగతి చెప్పమంటే చెప్తానండి, ఎవరూ భయపడక్కర్లేదు గానీ తెలిసి దిగాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్ గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది, మన గాలిలో చెమ్మకి కొదవా? నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి విడిపోయి అడుక్కి చేరుతుంది. కార్బురేటర్ అడుగున ఫ్లోట్ గిన్నెలో ఉండేది కాస్త పెట్రోలు, బండి నెల్లాళ్లు కదలకపోతే అది ఆరి జిగురవుతుంది. ఐడిల్‌లో పెట్రోలు వదిలే పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అవి నాలుగు. ఒక్కటి మూసుకున్నా బండి మూడు సిలిండర్ల మీద నడుస్తుంది.

ఏ సిలిండరో పట్టుకోడానికి మీటర్లు అక్కర్లేదు. చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసి అర నిమిషం ఐడిల్‌లో వదలండి, నాలుగు సైలెన్సర్ గొట్టాల మీదా చుక్క నీళ్లు వేయండి. మూడింటి మీద చుయ్ మంటుంది, ఒకదాని మీద చుక్క అలాగే నిలబడుతుంది. అదే. ముందు ప్లగ్గు, కాయిలు చూసి, స్పార్కు బాగుంటే జెట్టు విప్పండి. తీగతో పొడవకండి, ఇత్తడి గీసుకుపోతే రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ పోతుంది, అంటే రిచ్ అవుతుంది. కార్బ్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి గాలి కొట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ క్లీనర్ ఎదురు చిమ్ముతుంది.

తర్వాత సింక్, అంటే నాలుగు కార్బురేటర్లూ సమానంగా లాగేలా సరిచేయడం. నాలుగు వాక్యూమ్ గేజిలు తగిలించి, ఇంజన్ వేడెక్కాక, ముందు ఒకటీ రెండూ కలపాలి, తర్వాత మూడూ నాలుగూ, చివర్లో ఈ జతనీ ఆ జతనీ. తేడా 2 సెంటీమీటర్ల పాదరసం లోపుంటే చాలు. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టండి, నిలబెట్టి తిప్పితే వేడెక్కిపోతుంది. సింక్ ఎంత చేసినా నిలవకపోతే ఇన్‌టేక్ రబ్బర్లు పగిలుంటాయి. ఐడిల్‌లో ఉండగా రబ్బరు మీద నీళ్లు స్ప్రే చేయండి, తిరుగుడు మారితే గాలి లాగుతోందని లెక్క. ముప్ఫై ఏళ్ల రబ్బరు రాయిలా ఉంటుంది, కొత్తవి దొరికాకే పాతవి పీకండి.

పద్దెనిమిదివేలు (రాజమండ్రి):
బాగుందండి, కానీ ఇవన్నీ స్క్రూడ్రైవర్‌తో అయ్యే పనులు. 4ఆర్‌లో యాక్సిలరేటర్ కూడా కరెంటుతో పనిచేసేదే. అంతర్వేది వైపు ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు పచ్చబడితే డ్యాష్ మీద లైటు వెలుగుతుంది, ఏ పిన్నో చెప్పేవాడు పక్కూళ్లో ఉండడు.

గట్టుమీదబండి (ఆకివీడు):
ఉప్పుగాలి పాతదాన్ని వదిలేస్తుందా అండి? పాత హోండాల్లో ముందు కాలేది బ్యాటరీ ఛార్జింగుని అదుపులో ఉంచే రెగ్యులేటర్ రెక్టిఫయరే. 5,000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.5 నుంచి 14.8 వోల్టుల మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే, బ్యాటరీ ఉడికేలోపు మార్చాలి. 13 దాటకపోతే కరెంటు పుట్టించే స్టేటర్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్ల కనెక్టర్ చూడండి, సగంసార్లు అదే మాడి ఉంటుంది. కొత్తదైతే కొన్న వారంలోనే ఫెయిరింగ్ (పై తొడుగు) విప్పి కనెక్టర్లకి చెమ్మ చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టించుకుంటే సరి.

4ఆర్‌కి అసలు చూసుకోవాల్సింది రేడియేటర్. మాసూళ్లప్పుడు ఎగిరే పొట్టు, ఊక రెక్కల మధ్య ఇరుక్కుంటాయి. రోహిణి కార్తెలో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందంటే కూలెంట్‌ని తిట్టకండి, ముందు ఇంజన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి. తర్వాత ముందు బ్రేకు పిస్టన్లు. రొయ్యల వ్యాన్ల ఉప్పునీళ్లు వాటి మీదే పడతాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్ తుడవకుండా లోపలికి నెడితే సీలు కోసుకుపోతుంది. బండి మీద బరకం కప్పి మూట కట్టేసినట్టు ఉంచొద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది.

టార్క్‌చాలు (అమలాపురం):
పాతది కొనేవాళ్లకి ఒక మాట. సెకండ్ హ్యాండ్ బండి విదేశాల నుంచి తెచ్చుకోవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదన్న నిబంధనుంది. అంటే ఎంసీ22 ఇప్పుడు తెప్పించే దారి లేదు. ఇక్కడ తిరిగేదేదైనా ఎప్పుడో వచ్చినదే. ముందు ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, ఫ్రేమ్ మెడ మీద కొట్టిన నంబరు టార్చి వేసి అక్షరం అక్షరం సరిపోల్చండి. అక్కడ కొత్త పెయింటు కనిపిస్తే బేరం ఆడకుండా వచ్చేయండి.

పద్దెనిమిదివేలు (రాజమండ్రి):
కాగితాల దగ్గర ఒప్పుకుంటానండి. బరువు దగ్గర 32 కిలోలకి దిగాను. గేర్ క్యామ్‌ల శబ్దం దగ్గర మాత్రం దిగను. మేష్టారూ, 4ఆర్ క్యామ్ చైను టెన్షనర్‌ది కూడా ఓ లెక్క వేసి పెట్టండి, రేపు దాని మీద కొట్టుకుందాం.