రెస్క్యూ మోడ్‌లో ఎల్‌వీఎం: ముందు ఎఫ్‌ఎస్‌సీకేనా, ముందు కాపీనా?

రాత్రిషిఫ్ట్:
డిస్క్‌ల్ని ఒక గ్రూప్‌గా కలిపి లాజికల్ వాల్యూమ్‌లుగా పంచే ఎల్‌వీఎం వాడుతున్న సర్వర్ బూట్ కావడం లేదు. లైవ్ యూఎస్‌బీతో ఎక్కి పార్టిషన్‌ని మౌంట్ చేయబోతే 'ఎల్‌వీఎం2_మెంబర్' అనే ఫైల్‌సిస్టమ్ తెలియదంటోంది. రూట్, హోమ్ ఎక్కడా కనబడవు. మా సీనియర్ ఫైల్‌సిస్టమ్ తప్పులు సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే కొట్టెయ్ అంటున్నారు. కొట్టేయనా?

పాతకాపు:
టెన్షన్ పడకండి, వాల్యూమ్‌లు ఎక్కడికీ పోలేదు, యాక్టివేట్ కాలేదంతే. ఎల్‌వీస్కాన్ కొడితే పక్కన 'ఇనాక్టివ్' అని ఉంటుంది. 'వీజీచేంజ్ -ఏ వై' కొట్టండి, /డెవ్/మ్యాపర్ కిందికి వచ్చేస్తాయి. కింద రెయిడ్ (కొన్ని డిస్క్‌లు ఒక్కటిగా పనిచేసే ఏర్పాటు) ఉంటే ముందు ఎండీఏడీఎంతో కలపాలి, ఎన్‌క్రిప్షన్ ఉంటే క్రిప్ట్‌సెటప్‌తో తెరవాలి. ఆ తర్వాత ఎఫ్‌ఎస్‌సీకే కొట్టండి, కానీ లాజికల్ వాల్యూమ్ మీద, పార్టిషన్ మీద కాదు. కరెంటు పోయి ఆగిన మిషన్లు చాలావరకు దాంతోనే లేస్తాయి.

అక్షరం:
నేను ఒప్పుకోను. డిస్క్ ఆరోగ్యం చూడకుండా ఎఫ్‌ఎస్‌సీకే కొట్టమనడం పెద్ద రిస్క్. ముందు డిస్క్ మొత్తం కాపీ తీయాలి, ఎఫ్‌ఎస్‌సీకే ఆ తర్వాతే. నేనూ ఒకసారి అలాగే అన్నిటికీ 'ఎస్' అనేశాను. బ్యాడ్ సెక్టార్లు, అంటే పాడైన చోట్లు, ఉన్న డిస్క్ అది, తెల్లారి చూస్తే ఫైళ్లన్నీ లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్‌లో, పేర్ల బదులు # గుర్తు, దాని వెనక ఓ అంకె, అంతే. ఏది జీతాల పట్టికో, ఏది లాగ్ ఫైలో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సి వచ్చింది. ఇంకో సంగతి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే డిస్క్ మీద ఏమీ రాయదనుకుంటారు చాలామంది. ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ అప్పుడు కూడా జర్నల్ రీప్లే చేస్తుంది, అంటే జర్నల్‌లో నమోదై మిగిలిన మార్పుల్ని డిస్క్ మీద రాసేస్తుంది, 'నోలోడ్' అని చెప్తేనే ఆగుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి 'నోరికవరీ'.

పాతకాపు:
నిజమే, నోలోడ్ సంగతి నేను చెప్పాల్సింది. కానీ మంచి డిస్క్‌కి కూడా గంటల తరబడి కాపీ ఎందుకండీ? డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్ చూసి తేల్చుకుంటే పోదా?

అక్షరం:
అదైతే సరే. ఒక్కటి మాత్రం, గ్రూప్‌లో ఏదైనా డిస్క్ కనబడకపోతే 'వీజీరెడ్యూస్ --రిమూవ్‌మిస్సింగ్' జోలికి పోకండి, వైరు సరిచేస్తే తిరిగొచ్చే డిస్క్‌ని కూడా అది గ్రూప్‌లోంచి తీసేస్తుంది.

రాత్రిషిఫ్ట్:
చూశాను, పెండింగ్ సెక్టార్లు (చదవలేకపోతున్న చోట్లు) 24. 'వీజీచేంజ్ -ఏ ఎన్' కొట్టి వాల్యూమ్‌లు ఆపేసి, డిస్క్ కాపీ తీసే డీడీరెస్క్యూ మొదలుపెట్టాను, ఎంతవరకు అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్‌తో.

అక్షరం:
మంచి పని చేశారు. కాపీ అయ్యాక పాత డిస్క్ పీకేసిన తర్వాతే మళ్లీ యాక్టివేట్ చేయండి. రెండింటి యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఒకటే కదా, డూప్లికేట్ పీవీ (ఒకే డిస్క్ రెండుసార్లు ఉంది) అని ఎల్‌వీఎం తికమకపడుతుంది. ఎఫ్‌ఎస్‌సీకే ఆ కాపీ మీద కొట్టుకోండి.