మేడారం బంగారం తిన్న సంఘపెద్దది తప్పా?

హన్మకొండ సహోదరి: అందరికీ వందనాలు. మా సంఘపెద్ద ఒకరికి పక్కింటివాళ్లు మేడారం నుంచి తెచ్చిన బంగారం, అదే గద్దెల దగ్గర సమర్పించిన బెల్లం, ఇచ్చారు. ఆయన అక్కడే నోట్లో వేసుకున్నారు. పక్కనే ఉన్న చెల్లెలు పోయిన ఏడాదే బాప్తిస్మం తీసుకుంది. అంతకుముందు జాతర జాతరకూ నిలువెత్తు బంగారం ఇచ్చిన ఇల్లు వాళ్లది. ఆమె మూడు ఆదివారాలుగా రావట్లేదు. పెద్దాయన్ని అడిగితే, "విగ్రహం వట్టిదని పౌలే చెప్పాడు, ఆమె విశ్వాసంలో బలహీనురాలు" అంటున్నారు. ఇది న్యాయమేనా?

కాజీపేట అన్న: ఆయన తప్పేం చేయలేదు. 1 కొరింథీ 10:27లో అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పెట్టింది అడగకుండా తినమన్నాడు. ప్రేమతో ఇచ్చినప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుంటే మన సాక్ష్యం ఏముంటుంది?

హన్మకొండ సహోదరి: 28 కూడా చదవండన్నా. అర్పించిందని ఎవరైనా చెబితే తినొద్దని ఉంది.

కాజీపేట అన్న: వాళ్లు "బంగారం తీసుకోండి" అన్నారు. అర్పించిందని చెప్పలేదు కదా.

హన్మకొండ సహోదరి: మన దగ్గర బంగారం అంటే ఏంటో చిన్నపిల్లలకూ తెలుసు!

పరకాల తమ్ముడు: అసలు మేడారంలో విగ్రహమే లేదు. గద్దెలు, వెదురు, కుంకుమ భరిణె. మరి విగ్రహార్పితం ఎట్లయితది?

మానుకోట కాపరి: తమ్ముడూ, 1 కొరింథీ 8:7 చూడు. మొన్నటిదాకా మొక్కినవాళ్ల మనస్సాక్షి గురించి ఆ మాట. విగ్రహం ఉందా లేదా అన్నది ఆమెను అడుగు.

కాజీపేట అన్న: మనస్సాక్షి పేరు చెప్పి నన్నేం చేశారో వినండి. 20 ఏళ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు అమ్మ పెట్టిన మలీద తిన్నానని సంఘంలో లేపి నిలబెట్టారు. "బలహీనులు అభ్యంతరపడతారు" అన్నారు. అన్నవాళ్లు 30 ఏళ్ల నుంచి విశ్వాసులు. మలీద చూసి విశ్వాసం పోగొట్టుకునేవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. వాళ్లకు నచ్చలేదు, అంతే. రోమా 14:3లో తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చొద్దని కూడా ఉంది. అది ఎవరూ చదవరు.

హన్మకొండ సహోదరి: మీకు జరిగింది అన్యాయమే అన్నా. కానీ ఈ చెల్లెలు ఎవరికీ తీర్పు తీర్చట్లేదు. ఫోన్లో నాతో ఏమన్నదో తెలుసా? "అక్కా, పెద్దాయనే తింటే నేను అత్తమ్మతో కొట్లాడి ఎందుకు మానుకున్న? వచ్చే జాతరకు నేనూ పోత." ఆయన నోట్లో వేసుకున్నది బెల్లమే. ఆమెకు మాత్రం పాత మొక్కు మళ్లీ గుర్తొచ్చింది. పౌలు 1 కొరింథీ 8:10లో భయపడింది దీనికే.

పరకాల తమ్ముడు: ఈ ముక్క ముందే చెప్పాల్సింది అక్కా.

మానుకోట కాపరి: మూడు వారాల్లో ఆ పెద్ద ఆమె ఇంటికి పోయాడా?

హన్మకొండ సహోదరి: లేదయ్యగారూ. ఆమే వచ్చి అడిగితే వివరిస్తానన్నారు.

కాజీపేట అన్న: అది తప్పు. రోమా 14:1 చేర్చుకోమన్నది బలవంతులకే. ఆయనే ఆమె గడప తొక్కాలి. ఆమె ముందు తినొద్దన్నా ఒప్పుకుంటా. కానీ ఎన్నాళ్లు?

హన్మకొండ సహోదరి: ఆమె నిలదొక్కుకునేదాకా.

కాజీపేట అన్న: నాకూ అదే చెప్పారమ్మా. నేను ఆగిన. ఆ తర్వాత అమ్మ నాకు మళ్లీ సద్దులు పెట్టలేదు. ఇప్పుడు అమ్మ లేదు.