ఫ్రీబీఎస్‌డీ 13.5 నుంచి 14.3కు మారాక డెస్క్‌టాప్ తెరిచిన కాసేపటికే రీబూట్ అవుతోంది

ప్రశ్న

నమస్కారం. నా కంప్యూటర్‌లో ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది. రూట్ (సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన విభాగం) జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద ఉంది, బూట్ యూఈఎఫ్‌ఐ పద్ధతిలో, గ్రాఫిక్స్ ఇంటెల్. అప్‌గ్రేడ్‌కు "ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ ఇన్‌స్టాల్" మూడుసార్లు ఇవ్వాలని గుర్తుండటంతో, మొదటిసారి తరువాత రీబూట్ చేసి మిగిలిన రెండూ వెంటవెంటనే ఇచ్చేశాను. మధ్యలో తెర మీద కనిపించిన సందేశాన్ని శ్రద్ధగా చదవలేదు. ఆ తరువాత చాలా ప్రోగ్రాములు "లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.111 నాట్ ఫౌండ్" (ఆ లైబ్రరీ ఫైలు దొరకలేదు) అంటూ ఆగిపోయాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా లోడ్ కాకపోవడంతో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పీకేజీ-స్టాటిక్‌తో గ్రాఫిక్స్ డ్రైవర్ ప్యాకేజీ డీఆర్ఎం-కేమాడ్ ఒక్కదాన్ని బలవంతంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఇప్పుడు డెస్క్‌టాప్ వస్తోంది గాని, పది నిమిషాలకో అరగంటకో బిగుసుకుపోయి యంత్రం రీబూట్ అవుతోంది. ఒకసారి మాత్రం కన్సోల్ మీద "ఫేటల్ ట్రాప్ 12: పేజ్ ఫాల్ట్ వైల్ ఇన్ కెర్నల్ మోడ్" (కెర్నల్, అంటే సిస్టమ్ కేంద్రభాగం, మెమరీ తప్పిదంతో కూలడం) అన్న వరుస చదవగలిగాను. కూలినప్పటి వివరాలు చేరే, వార్ డైరెక్టరీలోని క్రాష్ ఫోల్డర్ ఖాళీగా ఉంది. జీపూల్ స్టేటస్ కమాండ్ ఇచ్చి చూస్తే పూల్‌లో (జెడ్‌ఎఫ్‌ఎస్ వాడే డిస్కుల సముదాయంలో) కొన్ని ఫీచర్లు ఎనేబుల్ కాలేదని, అప్‌గ్రేడ్ చేయమని చెబుతోంది. అది చేస్తే సరిపోతుందా, లేక మొత్తం తుడిచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవాలా?

సమాధానం 1

దయచేసి జీపూల్ అప్‌గ్రేడ్ మాత్రం ఇప్పుడు చేయకండి. 13 శాఖలో (13తో మొదలయ్యే రిలీజ్‌లలో) ఉన్నది ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.1, 14లో 2.2. కొత్త ఫీచర్లు వాడకంలోకి వచ్చాక పాత కెర్నల్ ఆ పూల్‌ను తెరవలేకపోవచ్చు. అప్పుడు మీకున్న వెనుదారి మూసుకుపోతుంది. ఆ వెనుదారి చిన్నది కాదు: రూట్ జెడ్‌ఎఫ్‌ఎస్ మీద ఉన్నప్పుడు ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ తానే ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (అవసరమైతే తిరిగి బూట్ చేయగల పాత సిస్టమ్ ప్రతి) తయారుచేసి పెడుతుంది. "బీఈసీటీఎల్ లిస్ట్" ఇస్తే 13.5 పేరుతో ఉన్నది కనిపించాలి. పాతదాంట్లోకి బూట్ చేసినా మీ హోమ్ డైరెక్టరీకి ఏమీ కాదు. మామూలు ఇన్‌స్టలేషన్‌లో అది వేరే డేటాసెట్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో విడి విభాగం).

ఇక అసలు విషయం. మీరు చదవకుండా దాటేసిన ఆ సందేశంలోనే కారణం ఉంది. రెండో ఇన్‌స్టాల్ అయ్యాక పాత లైబ్రరీలను తొలగించేముందు బయటి సాఫ్ట్‌వేర్ అంతటినీ కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోమని అది చెబుతుంది; మూడో ఇన్‌స్టాల్ చేసే పని ఆ తొలగింపే. 14లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 రావడంతో లైబ్రరీ సంఖ్య 111 నుంచి 30కి మారింది కనుక, 13 కోసం కంపైలైన ప్రోగ్రాములు ఆధారం కోల్పోయాయి. "పీకేజీ-స్టాటిక్ అప్‌గ్రేడ్ -ఎఫ్" ఇచ్చి ప్యాకేజీలన్నిటినీ మార్చండి. స్టాటిక్‌గా లింకైన (కావలసినదంతా తనలోనే ఉన్న) పీకేజీకి ఈ లైబ్రరీలతో పని లేదు, అందుకే దాన్నే వాడాలి.

రీబూట్ల సంగతి వేరు. సెట్టింగుల ఫైలైన ఆర్‌సీ.కాన్ఫ్‌లో, లోడ్ చేయాల్సిన మాడ్యూళ్ల (కెర్నల్‌కు జతయ్యే డ్రైవర్ల) పేర్లుండే కేఎల్‌డీ-లిస్ట్ వరుసను కామెంట్ చేసి, గ్రాఫిక్స్ మాడ్యూల్ లేకుండా కన్సోల్ మీదే ఒక పూట నడపండి. అదే ఫైలులో, కూలినప్పటి మెమరీ నకలును (డంప్‌ను) ఎక్కడ రాయాలో చెప్పే డంప్‌డెవ్ విలువను ఆటో అని పెట్టండి. డంప్ రాయడానికి స్వాప్ పార్టిషన్ కావాలి; స్వాప్ జీవాల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ లోపలి వర్చువల్ డిస్కు) మీద ఉంటే దానిపై ఆధారపడకండి. ఈ రెండూ ఒకేసారి కాక ఒకదాని తరువాత ఒకటి చేయండి, లేకపోతే ఏది దేనివల్ల మారిందో తెలియదు.

సమాధానం 2

మెమరీ లోపాన్ని కూడా తోసిపుచ్చవద్దని నా మనవి. డంప్ దొరికాక కూలిన చోటును చూపే ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ వరుసలను పోల్చి చూడండి. ప్రతిసారీ ఒకే ఫంక్షన్ దగ్గర పడిపోతుంటే సాఫ్ట్‌వేర్‌ను, ఒక్కోసారి ఒక్కోచోట పడిపోతుంటే ర్యామ్‌ను అనుమానించాలి. జీపూల్ స్టేటస్‌లో చెక్‌సమ్ నిలువు వరుస సున్నాలతోనే ఉందా?

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెక్‌సమ్ అన్నీ సున్నాలే. ప్యాకేజీలన్నీ మార్చాక ప్రోగ్రాములు తెరుచుకుంటున్నాయి. మాడ్యూల్ లేకుండా నిన్నంతా నడిపాను, ఒక్కసారి కూడా పడిపోలేదు. తరువాత డంప్‌డెవ్ మార్చి మాడ్యూల్‌ను తిరిగి లోడ్ చేస్తే రెండుసార్లు పడిపోయింది, డంప్ వివరాలుండే రెండు కోర్.టెక్స్ట్ ఫైళ్లలోనూ బ్యాక్‌ట్రేస్ (కూలేముందు నడిచిన ఫంక్షన్ల జాబితా) డీఆర్ఎం ఫంక్షన్ల గుండానే వెళుతోంది. కానీ ప్యాకేజీ కొత్తదే కదా, మరి ఎందుకిలా?

సమాధానం 1

కొత్తదే, కానీ మీ కెర్నల్ కోసం తయారైనది కాదు. ఒక శాఖకు చెందిన ప్యాకేజీలన్నీ ఆ శాఖలో ఇంకా మద్దతున్న అత్యంత పాత రిలీజ్ మీద కంపైల్ అవుతాయి. మామూలు ప్రోగ్రాములకు దీనివల్ల ఇబ్బంది రాదు. కెర్నల్ లోపలి నిర్మాణాలను నేరుగా తాకే మాడ్యూళ్లు మాత్రం 14.2కు కంపైలై 14.3లో లోడయ్యాక ఇలా కూలిపోవచ్చు. 13 కోసం చేసిన మాడ్యూల్‌ను కెర్నల్ తిరస్కరిస్తుంది, మీకు మొదట లోడ్ కానిది అందుకే. ఒకే శాఖలోని తేడాను అది అలా అడ్డుకోదు. నిజానికి 14.3తో వచ్చే ప్యాకేజీ కాన్ఫిగరేషన్‌లో మాడ్యూళ్ల కోసం ఫ్రీబీఎస్‌డీ-కేమాడ్స్ అనే ప్రత్యేక రిపాజిటరీ (ప్యాకేజీల భాండాగారం) ఉంటుంది. ఈటీసీలోని పీకేజీ డైరెక్టరీలో మీ ఫైలును మీరెప్పుడైనా మార్చారా?

ప్రశ్న అడిగినవారు

మార్చాను. క్వార్టర్లీ (మూడు నెలలకోసారి మారే ప్యాకేజీలు) అన్నచోట లేటెస్ట్ (ఎప్పటికప్పుడు మారేవి) అని ఎప్పుడో పెట్టుకున్నాను. అప్‌గ్రేడ్ మధ్యలో రెండు ఫైళ్లను కలపమని ఎడిటర్ తెరుచుకున్నప్పుడు నా పాత వరుసలనే ఉంచేశాను. ఇప్పుడు ఆ రిపాజిటరీని చేర్చి, దాన్నుంచే డీఆర్ఎం-61-కేమాడ్‌ను బలవంతంగా ఇన్‌స్టాల్ చేశాను. మూడు రోజులుగా డెస్క్‌టాప్ ఆగకుండా నడుస్తోంది. పూల్ అప్‌గ్రేడ్ ఇప్పుడు చేయవచ్చా?

సమాధానం 1

తొందరేమీ లేదు, ఆ సందేశం కనిపిస్తున్నా పూల్‌కు నష్టం లేదు. 13.5కు ఇక వెళ్లనని మీకు నమ్మకం కుదిరాకే చేయండి. అంతకుముందే బూట్ డైరెక్టరీలోని లోడర్.ఈఎఫ్‌ఐని (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామును) ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని పాత లోడర్ స్థానంలోకి కాపీ చేసుకోండి, ఎందుకంటే ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ ఆ పార్టిషన్‌ను తాకదు. పాత లోడర్‌కు కొత్త ఫీచర్లు తెలియకపోతే బూటే కాకపోవచ్చు.