కొట్టు కార్డును ఫోన్ వాలెట్‌లో పెట్టి నోటిఫికేషన్లు పంపవచ్చునా? విశాఖ వ్యాపారులు, వినియోగదారుల అభిప్రాయాలు కావాలి

అక్కయ్యపాలెం మిఠాయి

సభ్యులందరికీ నమస్కారం. అక్కయ్యపాలెంలో మా నాన్నగారి కాలం నుంచి మిఠాయి కొట్టు నడుపుతున్నాం. కొన్న ప్రతిసారీ ఒక స్టాంపు వేసి, పదిసార్లు కొన్నవారికి పావుకిలో కాజా ఉచితంగా ఇచ్చే అట్ట కార్డు మా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. ఆ కార్డును ఇంట్లో మరిచిపోయి వచ్చేవారే ఎక్కువ కాబట్టి, దానిని గూగుల్ వాలెట్‌లోనూ, ఐఫోన్ ఉన్నవారికి యాపిల్ వాలెట్‌లోనూ ఉండే కార్డుగా మార్చాలనుకుంటున్నాను. దీనివల్ల మరో సౌకర్యం కూడా ఉంది. మాడుగుల నుంచి హల్వా వచ్చిన రోజున "తాజా హల్వా వచ్చింది, సాయంత్రం ఆరింటి వరకు ఉంటుంది" అనే ఒక్క వాక్యాన్ని కార్డు ఉన్న వారందరి ఫోన్ తెర మీదికి పంపవచ్చు. ఇది కొనేవారికి ఉపయోగపడుతుందా, విసుగు పుట్టిస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

గాజువాక మాస్టారు

దయచేసి ఆ పని చేయకండి. నేను విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడిని. ఫోన్‌తోనే డబ్బు చెల్లిస్తాను, రైతు బజారులో కొత్తిమీర కట్టకు కూడా. గత సంవత్సరం నా వాలెట్ ఖాతా నుంచి నాకు తెలియకుండా రూ. 4,800 పోయాయి. డబ్బు పోయినట్టు తెలిపే నోటిఫికేషన్ వచ్చింది, రాలేదని నేను అనడం లేదు. అయితే దానికి పైన క్యాష్‌బ్యాక్, సినిమా టికెట్టుపై తగ్గింపు, బీమా, బంగారం కొనమనే సలహా, మళ్లీ క్యాష్‌బ్యాక్, ఇలా ఒకే యాప్ పంపినవి వరుసగా పేరుకుపోయి ఉన్నాయి. రోజూ చేసినట్టే అన్నిటినీ ఒకేసారి పక్కకు తోసేశాను. చూసుకునేసరికి మూడు రోజులు దాటిపోయింది. రిజర్వ్ బ్యాంకు 2019 జనవరిలో వాలెట్లకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, బయటివారి మోసం వల్ల డబ్బు పోతే మూడు రోజుల్లోపు చెప్పినవారికి బాధ్యత ఏమీ ఉండదు, నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే లావాదేవీ మొత్తం, రూ. 10,000 ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకు వినియోగదారుడే భరించాలి. నాది నాలుగు వేల ఎనిమిది వందలు కాబట్టి మొత్తం నేనే భరించాను. ఆఫర్ల నోటిఫికేషన్లు అమాయకమైనవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కంచరపాలెం కుర్రాడు

హల్వా వస్తే చెప్పండి చాలు, నేను వస్తాను.

మద్దిలపాలెం డెవలపర్

మాస్టారూ, మీకు జరిగిన నష్టానికి నిజంగా బాధపడుతున్నాను. అయితే ఇక్కడ రెండు వేర్వేరు యాప్‌ల సంగతి కలిసిపోతోంది. మీరు డబ్బు చెల్లించేది ఒక యాప్. మిఠాయి కొట్టు వారు కార్డు పెట్టాలనుకుంటున్నది మరొకటి. గూగుల్ వాలెట్ 2024 మే నెలలో మన దేశానికి వచ్చింది. అందులో టికెట్లు, బోర్డింగ్ పాసులు, కొట్ల కార్డులు ఉంటాయి. చెల్లింపులు మాత్రం ఇక్కడ గూగుల్ పేలోనే జరుగుతాయి. పైగా అందులో హద్దులున్నాయి. ఫోన్ మోగేలా పంపే సందేశాలు ఒక కార్డుకు 24 గంటల్లో మూడింటికి మించకూడదు. యాపిల్ వాలెట్‌లో అయితే కార్డు మీద ఉన్న వివరమేదైనా మారినప్పుడే తెర మీద సందేశం కనిపిస్తుంది, విడిగా ప్రకటన పంపే దారి లేదు. కార్డు తీసేస్తే సందేశాలూ ఆగిపోతాయి. ఎస్సెమ్మెస్‌తో పోలిస్తే వినియోగదారుడి చేతిలో ఇంత పట్టు ఉన్న మార్గం మరొకటి నాకు కనిపించడం లేదు.

గాజువాక మాస్టారు

యాప్ ఏదైతేనేం, తెర ఒక్కటే కదా. రోజుకు మూడు అంటున్నారు. నా దగ్గర పది కొట్ల కార్డులు ఉంటే ముప్పై అవుతాయి. ఇది కూడా లెక్కే.

ఎంవీపీ పాఠకుడు

మాస్టారు గారు చెప్పిన మూడు రోజుల విషయంలో ఒక్క సందేహం. సమాచారం అందిన రోజును ఆ లెక్కలోంచి మినహాయించాలి. బ్యాంకు ఖాతాల విషయంలో 2017 నాటి ఆదేశం మూడు పని దినాలు అంటుంది కాబట్టి ఆదివారాలు కూడా పోతాయి. మీ డబ్బు వాలెట్ నిల్వ నుంచి పోయిందా, దానికి కలిపిన బ్యాంకు ఖాతా నుంచి పోయిందా? ఖాతా నుంచి అయితే మీరు గడువులోనే ఉండి ఉండవచ్చు.

గాజువాక మాస్టారు

వాలెట్ నిల్వ నుంచే పోయింది. అందిన రోజును మినహాయించినా గడువు దాటింది. ఈ లెక్క నేను అప్పుడే వేసుకున్నాను.

ఎంవీపీ పాఠకుడు

అయినా ఎస్సెమ్మెస్ కూడా వచ్చి ఉండాలి. వచ్చిందా?

గాజువాక మాస్టారు

వచ్చింది. దాని చుట్టూ ఎన్ని ఉన్నాయో ఊహించుకోండి. మనం చర్చిస్తున్నది నా ఫిర్యాదు గెలుస్తుందా లేదా అన్నది కాదు.

అక్కయ్యపాలెం మిఠాయి

మాస్టారూ, పెద్దవారు, మీ మాట కాదనలేను. కానీ నా వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించండి. ఎస్సెమ్మెస్ దారి నేను చూశాను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల వల్ల వ్యాపారి డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీలు నడిపే నమోదు వ్యవస్థలో, పేరు నమోదు చేసుకోవాలి, పంపేవారి గుర్తును నమోదు చేసుకోవాలి, పంపబోయే వాక్యాల నమూనాను కూడా ముందే ఆమోదించుకోవాలి. మోసాలను అరికట్టడానికి అది అవసరమేనని ఒప్పుకుంటాను. అయితే మధ్యవర్తికి డబ్బు కట్టి అంతా చేయించి దసరాకు సందేశం పంపితే, కొట్టుకు వచ్చినవారిలో దాన్ని చూశామన్నవారు నాకు ఎవరూ తగల్లేదు. తరవాత వాట్సాప్‌లో పంపితే కొందరు స్పామ్ అని ఫిర్యాదు చేశారు, నెంబరు కొన్నాళ్లు ఆగిపోయింది. ఇంటికి సరుకు చేరవేసే యాప్‌లో చేరితే అమ్మకం పెరిగింది గానీ, కొన్నవారి ఫోన్ నెంబరు నాకు ఇవ్వరు. మా నాన్నగారికి ఎవరింట్లో పెళ్లి ఉందో, ఎవరికి చక్కెర జబ్బు వచ్చిందో తెలిసేది. నాకు ఆర్డరు నెంబరు మాత్రమే తెలుస్తోంది. కొనేవాడితో నేరుగా మాట్లాడే దారి ఒక్కటైనా ఉండవద్దా?

సీతమ్మధార అక్క

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ చక్కెర జబ్బు సంగతి ఫోన్‌లో ఎక్కించవద్దు.

మద్దిలపాలెం డెవలపర్

ఆండ్రాయిడ్‌లో 2017 నుంచి, అంటే ఎనిమిదో వెర్షన్ నుంచి, ఒకే యాప్ పంపే నోటిఫికేషన్లను విభాగాలుగా విడదీసే ఏర్పాటు ఉంది. చెల్లింపులు ఒక విభాగం, ఆఫర్లు మరొక విభాగం. ఆఫర్లను ఆపేసి చెల్లింపులను ఉంచుకోవచ్చు. 2022లో వచ్చిన పదమూడో వెర్షన్ నుంచి కొత్తగా పెట్టుకున్న యాప్ నోటిఫికేషన్లు పంపాలంటే ముందుగా అనుమతి అడగాలి. యాపిల్ నియమావళి అయితే, వినియోగదారుడు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప యాప్‌లు ప్రచారానికి నోటిఫికేషన్లు వాడరాదని చెబుతోంది. కాబట్టి అదుపు చేసే సాధనాలు ఉన్నాయి. వాడుకోవడం నేర్చుకోవాలి.

గాజువాక మాస్టారు

నేర్చుకోవాలి అన్నారు చూశారా, అక్కడే నాకు కోపం వస్తోంది. నేర్చుకున్నాను. మా మనవరాలు నేర్పింది. సెట్టింగుల్లోకి వెళ్లి, ఆ యాప్‌ను వెతికి, నోటిఫికేషన్లు నొక్కితే, ఉన్నది ఒక్కటే విభాగం, దాని పేరు "సాధారణం". క్యాష్‌బ్యాక్ అందులోనే, డబ్బు పోయిందన్న కబురూ అందులోనే. రెండూ ఆపాలి లేదా రెండూ భరించాలి. విభాగాలు చేసే వీలు ఉన్నా చేయనివాడిని వదిలేసి, నన్ను నేర్చుకోమంటారా? నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాడిని.

మద్దిలపాలెం డెవలపర్

నేను మిమ్మల్ని కించపరచలేదు. ఆ యాప్ తయారుచేసినవారు చేసింది తప్పే. కానీ దాని శిక్ష మిఠాయి కొట్టుకు ఎందుకు వేస్తున్నారని అడుగుతున్నాను.

అక్కయ్యపాలెం మిఠాయి

అదే నా ప్రశ్న. పెద్ద పెద్ద యాప్‌లు రోజంతా మీ తెర మీద మాట్లాడుతూనే ఉంటాయి, చెల్లింపుల కోసం మీరు వాటిని ఆపలేరు. పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్ రాత్రి పదకొండింటికి ఐస్‌క్రీమ్ తినమని చెబుతుంది. మీరు "వద్దు" అనగలిగేది నాకొక్కడికే. అందుకే నాకు చెబుతున్నారు. చిన్నవాడు నోరు మూసుకుంటే తెర ఖాళీ కాదు మాస్టారూ, పెద్దవాడికి ఇంకొంచెం చోటు దొరుకుతుంది, అంతే.

ఎంవీపీ పాఠకుడు

వాదన వేడెక్కుతోంది. దయచేసి విషయానికి పరిమితం కావాలి.

గాజువాక మాస్టారు

విషయంలోనే ఉన్నాను. మిఠాయి కొట్టు గారూ, మీ మీద నాకు కోపం లేదు, మీ కార్డు మీద కూడా లేదు. నా అసలు అభ్యంతరం ఇప్పుడు చెబుతాను. పోయిన నెల ఒక బట్టల దుకాణంలో బిల్లు కడుతున్నాను. నా వెనుక ఐదారుగురు నిలబడ్డారు. కౌంటరు దగ్గరి కుర్రాడు "ఒక్క నిమిషం సార్" అని నా చేతిలోని ఫోన్ తీసుకున్నాడు. తన తెర మీది క్యూఆర్‌ను నా ఫోన్‌తో స్కాన్ చేశాడు, ఏదో ఒకటి నొక్కాడు, మళ్లీ ఒకటి నొక్కాడు, "యాభై రూపాయలు తగ్గింది సార్" అని తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి ఆ దుకాణం నాతో మాట్లాడుతూనే ఉంది. కాగితం మీద అది నా అనుమతి. ఎవరడిగినా "ఆయనే ఒప్పుకున్నారు" అంటారు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో పార్లమెంటు చేసిన చట్టం అనుమతి స్వేచ్ఛగా, తెలిసి, ఏ షరతూ లేకుండా, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలంటోంది. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలు ఉండాలని కూడా అంటోంది. బిల్లు చేతిలో పెట్టుకుని, వెనుక జనం ఉండగా, వేరేవాడు నొక్కిన బొత్తానికి స్వేచ్ఛ ఎక్కడిది? ఇప్పుడు మీరు చెప్పండి. మీ కార్డును జనం ఫోన్లలోకి ఎలా ఎక్కించబోతున్నారు?

అక్కయ్యపాలెం మిఠాయి

నిజం చెప్పాలంటే, బిల్లు దగ్గరే. వేరే చోట ఎవరూ ఆగరు. మా కుర్రాళ్లు అడుగుతారు, కొన్నవారు సరేనంటే ఎక్కిస్తారు.

గాజువాక మాస్టారు

ఫోన్ చేతిలోకి తీసుకుంటారా?

అక్కయ్యపాలెం మిఠాయి

పెద్దవారికి చేతకాకపోతే తీసుకుంటారు. సాయం చేయడం తప్పా?

సీతమ్మధార అక్క

సాయం తప్పు కాదు తమ్ముడూ. కానీ అదే ఫోన్‌లో నా బ్యాంకు ఉంది. కొట్టులో ఎవరైనా నా ఫోన్ పట్టుకుంటే నాకు గుండె దడే. అంతకంటే నా ప్రశ్న వేరు: ఎక్కించిన కుర్రాడు, తీసేయడం ఎలాగో కూడా చెబుతాడా?

మద్దిలపాలెం డెవలపర్

మిఠాయి కొట్టు గారూ, క్యూఆర్‌ను గోడ మీద పెట్టి, కుర్రాళ్లు ఏమీ అడగకుండా, కావలసినవారే స్కాన్ చేసుకునేలా చేయవచ్చు కదా?

అక్కయ్యపాలెం మిఠాయి

చేయవచ్చు. వందమంది వస్తే పదిమంది స్కాన్ చేస్తారేమో. ఆ పదిమంది కోసం కార్డు తయారుచేయించడం, నెలనెలా దానికి డబ్బు కట్టడం నాకు గిట్టుబాటు కాదు. ఈ వ్యాపారంలో అడగకపోతే ఎవరూ ఇవ్వరు. కూరల బండివాడు వీధిలో కేక వేస్తేనే కదా తలుపు తెరుస్తారు!

గాజువాక మాస్టారు

కేక వినబడి నేను తలుపు తెరుస్తాను. కూరలబండివాడు నా తలుపు తాళంచెవి తీసుకువెళ్లడు. నాకూ మీకూ తేడా ఇక్కడే ఉందని ఇప్పుడు తెలిసింది. ఇంతసేపూ మూడు రోజుల గురించీ, విభాగాల గురించీ మాట్లాడుకున్నాం. కాస్త ఒత్తిడి చేస్తే దొరికే అనుమతి కూడా అనుమతేనని మీరు అంటున్నారు. అది అనుమతి కాదని నేను అంటున్నాను. మీరు పెద్దవారితో పోటీ పడాలని నాకూ ఉంది, కానీ వాళ్ల పద్ధతితోనే పోటీ పడితే నాకు మీరూ వాళ్లూ ఒకటే అవుతారు.

కంచరపాలెం కుర్రాడు

మాస్టారు గారి మాటలో న్యాయం ఉంది. కానీ గోడ మీద క్యూఆర్‌ను ఎవరూ చూడరన్నదీ నిజమే. నేను ఎన్నడూ చూడలేదు.

ఎంవీపీ పాఠకుడు

వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో పదమూడు రకాల మోసపూరిత పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. వద్దన్నా పదేపదే అడిగి వేధించడం అందులో ఒకటి. అవి ఆన్‌లైన్ వేదికలకు సంబంధించినవి. కౌంటరు దగ్గర నోటితో అడగడానికి నేరుగా వర్తించకపోవచ్చు, కానీ ఒకసారి వద్దన్నవారిని మళ్లీ అడగకూడదన్న సూత్రం ఎక్కడైనా మంచిదే.

అక్కయ్యపాలెం మిఠాయి

రాత్రంతా ఆలోచించాను. కుర్రాళ్లు ఎవరి ఫోన్‌నూ ముట్టుకోరు, ఈ మాట నేను ఇస్తున్నాను. క్యూఆర్‌ను గోడకు కాకుండా మిఠాయి డబ్బా మూత లోపల అతికిస్తాను. ఇంటికి వెళ్లి డబ్బా తెరిచి, తిని, నచ్చితే స్కాన్ చేసుకుంటారు. వెనుక ఎవరూ నిలబడి ఉండరు. అదే కాగితం మీద సందేశాలను ఆపే పద్ధతి కూడా అచ్చు వేయిస్తాను. డెవలపర్ గారూ, ఆ నాలుగు వాక్యాలు తెలుగులో రాసి పెడతారా? పంపేది హల్వా వచ్చినప్పుడూ, పండుగలకూ మాత్రమే. కానీ ఒకటి వదులుకోలేను. మా కొట్టు సందు లోపల ఉంది, మెయిన్ రోడ్డు మీద నుంచి కనబడదు. దగ్గరికి వచ్చినప్పుడు కార్డు తెర మీద కనిపించే ఏర్పాటు మాత్రం ఉంచుతాను.

గాజువాక మాస్టారు

డబ్బా మూత ఆలోచన బాగుంది, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ నేను ఎక్కడ నడుస్తున్నానో మీ కొట్టుకు తెలియడం నాకు సమ్మతం కాదు.

మద్దిలపాలెం డెవలపర్

మాస్టారూ, కొట్టుకు తెలియదు. ఐఫోన్ విషయం చెబుతాను. కొట్టు ఉన్న చోటు కార్డులోనే రాసి ఉంటుంది, అలాంటి చోట్లు పది వరకు పెట్టవచ్చు. మీరు దగ్గరికి వచ్చారో లేదో పోల్చి చూసేది మీ ఫోనే. ఆ కబురు అక్కయ్యపాలెం చేరదు. ఇక కాగితం మీదికి వాక్యాలు ఇవి. ఐఫోన్: "వాలెట్‌లో మా కార్డు తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, పాస్ వివరాల్లోకి వెళ్లి, నోటిఫికేషన్లను ఆపండి. దగ్గరికి వచ్చినప్పుడు కార్డు కనబడవద్దనుకుంటే, లాక్ స్క్రీన్ మీద సూచించే ఏర్పాటును కూడా అక్కడే ఆపండి." ఆండ్రాయిడ్: "గూగుల్ వాలెట్‌లో మా కార్డు తెరిచి, మూడు చుక్కలు నొక్కి, కార్డును తొలగించండి. మీ స్టాంపులు మా పుస్తకంలో ఉంటాయి."

అక్కయ్యపాలెం మిఠాయి

స్టాంపులు పుస్తకంలో ఉంటాయన్న మాట నాకు తోచలేదు. రాస్తాను, అలాగే పుస్తకం కూడా పెడతాను. అట్ట కార్డు కావలసినవారికి అట్ట కార్డే ఇస్తాను మాస్టారూ.

గాజువాక మాస్టారు

నాకు అట్ట కార్డే ఇవ్వండి.